గండి ఒక్క రోజులో పడదు

(పాఠశాల స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

  వెనక బెంచీల్లో మావాళ్ళు కూర్చున్నారు, 1986 బ్యాచ్. నలభై ఏళ్ళు కావస్తున్నా వాళ్ళు వెనక బెంచీలు వదల్లేదు. 

సంఘం కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "కంప్యూటర్ల మీద జరిగే దాడుల గురించి అరగంట చెప్పాలి, పిల్లలకూ పెద్దవాళ్ళకూ అర్థం కావాలి, భయపెట్టకూడదు" అన్నారు. మూడు షరతులు. మొదటి రెండూ పాటిస్తాను. మూడోదానికి ప్రయత్నిస్తాను.

కంప్యూటర్ల దగ్గరికి వెళ్ళేముందు మన కాలువ దగ్గరికి వెళ్దాం. మనం ఎనిమిదో తరగతిలో ఉండగా, వినాయక చవితి వెళ్ళిన వారానికి పెద్ద కాలువకు గండి పడింది. చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే బడికి వారం రోజులు సెలవులిచ్చారు. మన క్లాసుల్లో మోకాలి లోతు నీళ్ళు. మనకు పండగే. ఊరికి మాత్రం ఆ ఏడు సార్వా పంట పోయింది.

మా నాన్న ఆ కాలువ మీద లస్కరు. ఈ కాలం పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. కాలువ కట్ట వెంట రోజూ నడిచి, ఎక్కడ ఏం తేడా ఉందో చూసి, పై అధికారికి చెప్పే మనిషిని లస్కరు అంటారు. మా నాన్న చేతిలో ఒక కర్ర, రాత్రయితే లాంతరు, జేబులో చిన్న నోటు పుస్తకం ఉండేవి. నేను ఆయనతో చాలాసార్లు నడిచాను. ఒకరోజు కట్ట వెలుపలి పక్కన తడి చూసి, "నాన్నా, కట్ట కారుతోంది" అని అరిచాను. ఆయన వంగి ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూపించారు. "తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా చూడు. తేట నీరు ఊరితే కంగారు లేదు, మట్టికట్ట అన్నాక ఊరుతుంది. బురద నీరు వస్తే మాత్రం లోపలి మట్టిని మోసుకొస్తోందని అర్థం. అప్పుడు పైన కట్ట బాగానే కనిపిస్తుంది, లోపల డొల్ల అవుతుంటుంది" అన్నారు.

ఎండ్రకాయ చేసిన బొరియలోంచి నీరు దారి చేసుకుంటుంది. ఆ దారి నెమ్మదిగా పెద్దదవుతుంది. నెల పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. ఒక రాత్రి కట్ట కూలుతుంది. తెల్లారి ఊరంతా వచ్చి "నిన్న గండి పడింది" అంటారు. మా నాన్న మాత్రం ఒప్పుకునేవారు కాదు. "గండి నిన్న కనబడింది. పుట్టింది నిన్న కాదు" అనేవారు.

ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం సారాంశం ఆ ముక్కే. కంప్యూటర్ల మీద దాడి జరిగిన తర్వాత, అది ఎప్పుడు పుట్టిందో వెనక్కి నడిచి వెతకడం నా పని. టీవీలో "నిన్న రాత్రి హ్యాకర్లు ఫలానా బ్యాంకును దోచేశారు" అని చెప్తారు. నిన్న రాత్రి జరిగింది చివరి అంకం. నాటకం ఎన్నో నెలల ముందే మొదలైంది.

ఒక నిజమైన ఉదాహరణ చెప్తాను. ప్రపంచమంతా చదువుకున్న కేసు ఇది. మన పొరుగు దేశం బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు డబ్బు 2016 ఫిబ్రవరిలో పోయింది. ఆ దేశానికి చెందిన డాలర్లు న్యూయార్కులోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఉంటాయి. ఢాకా నుంచి స్విఫ్ట్ అనే సందేశ వ్యవస్థ ద్వారా ఆదేశం వెళ్తే న్యూయార్కు వాళ్ళు చెల్లిస్తారు. ఫిబ్రవరి 4, గురువారం రాత్రి ఢాకా నుంచి 35 ఆదేశాలు వెళ్ళాయి. అడిగిన మొత్తం సుమారు 95 కోట్ల డాలర్లు. ఆ ఆదేశాలు పంపింది బ్యాంకు ఉద్యోగులు కాదు. బ్యాంకు కంప్యూటర్లలో కూర్చున్న దొంగలు.

అయితే వాళ్ళు లోపలికి ఎప్పుడు వచ్చారు? తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థలు కోర్టుకిచ్చిన పత్రాల్లో ఆ లెక్క ఉంది. తేదీలు జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ తేదీల మధ్య ఖాళీల్లోనే ఉంది.

2015 జనవరి చివర్లో బ్యాంకు ఉద్యోగులు కొందరికి ఒక ఈ-మెయిల్ వచ్చింది. ఎవరో ఉద్యోగార్థి చాలా మర్యాదగా, మీ సంస్థలో పని చేయాలని ఉంది, నా వివరాలు ఈ లింకులో ఉన్నాయి, చూడగలరు అని రాశాడు. కొందరు నొక్కారు. ఉద్యోగం అడిగిన కుర్రాడి కాగితాలు చూడటం తప్పా? మనలో ఎవరమైనా చూస్తాం. ఆ నొక్కుడుతో ఎండ్రకాయ బొరియ పడింది.

2015 మార్చి నాటికి ఆ బొరియ లోపల వాళ్ళు స్థిరపడ్డారు. బయటినుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చిపోయే దొడ్డిదారి పెట్టుకున్నారు.

2015 మేలో ఫిలిప్పీన్స్ రాజధాని ప్రాంతంలోని మకాటీలో, జూపిటర్ వీధిలో ఉన్న ఒక బ్యాంకు శాఖలో నాలుగు ఖాతాలు తెరిచారు. ఒక్కొక్కదాంట్లో 500 డాలర్లు వేశారు. తొమ్మిది నెలలపాటు ఆ ఖాతాల్లో చలనం లేదు. డబ్బు దొంగిలించడానికి తొమ్మిది నెలల ముందే దాన్ని దించుకునే చోటు సిద్ధం చేసుకున్నారన్నమాట.

2016 జనవరి చివర్లో వాళ్ళు ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు పాకుతూ స్విఫ్ట్ సందేశాలు పంపే యంత్రం దాకా చేరారు. బొరియ పడి అప్పటికి ఏడాది.

ఇక ఫిబ్రవరి 4. ఆ రోజును ఎందుకు ఎంచుకున్నారో చూడండి. బంగ్లాదేశ్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. న్యూయార్కులో శని, ఆదివారాలు. ఆ ఏడు ఫిబ్రవరి 8, సోమవారం చైనా కొత్త సంవత్సరాది, ఫిలిప్పీన్స్‌లో సెలవు. గురువారం రాత్రి మొదలుపెడితే మంగళవారం వరకు ముగ్గురూ ఒకేసారి ఆఫీసులో ఉండరు. ఒకరు కంగారుపడి ఫోన్ చేస్తే అవతల ఎత్తేవాళ్ళు లేరు. దొంగలు దోచింది బ్యాంకునే అయినా, వాడుకున్నది క్యాలెండరును.

శుక్రవారం ఉదయం ఢాకా బ్యాంకులో ఒక ప్రింటరు పనిచేయలేదు. స్విఫ్ట్ సందేశాలు వచ్చీ పోయేవి ఆ ప్రింటరులో వాటంతటవే అచ్చవుతాయి. ఆ రోజు ట్రే ఖాళీగా ఉంది. డ్యూటీలో ఉన్న అధికారి మామూలు రిపేరే అనుకున్నారు. ప్రింటర్లు చెడిపోవడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే కదా. నిజానికి దొంగలు పెట్టిన ప్రోగ్రాము తమ సందేశాల ఆనవాళ్ళు చెరిపేస్తూ, అచ్చు పడకుండా ఆపింది. శనివారం ఎలాగో ప్రింటరు నడిపించేసరికి, "ఈ ఆదేశాలు మీవేనా?" అని న్యూయార్కు నుంచి వచ్చిన ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. అప్పటికి న్యూయార్కు సెలవులోకి వెళ్ళిపోయింది.

మొత్తం 35 ఆదేశాల్లో ఐదు పాసయ్యాయి. నాలుగింటి మీద 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరి, అక్కణ్ణుంచి జూదశాలలకు పోయాయి. చాలా భాగం తిరిగి రాలేదు. ఐదోది శ్రీలంకకు వెళ్ళిన 2 కోట్ల డాలర్ల ఆదేశం. అందులో 'ఫౌండేషన్' అనే మాటకు దొంగలు స్పెల్లింగు తప్పు రాశారు. ఆ ఒక్క తప్పు మధ్యలో ఉన్న బ్యాంకు సిబ్బంది కంట్లో పడి, ఇదేమిటని అడిగారు. ఆ 2 కోట్లు వెనక్కి వచ్చాయి. మిగతా 30 ఆదేశాలు, సుమారు 85 కోట్ల డాలర్లవి, న్యూయార్కులో ఆగిపోయాయి. ఎందుకో తెలుసా? చిరునామాలో 'జూపిటర్' అనే వీధి పేరుంది. అదే పేరు అమెరికా ఆంక్షల జాబితాలో ఇంకెక్కడో, ఈ దొంగతనంతో ఏ సంబంధమూ లేకుండా ఉంది. దాంతో మరోసారి చూద్దామని పక్కన పెట్టారు. అది అదృష్టం. స్పెల్లింగు తప్పు చూసి అడగడం మాత్రం అదృష్టం కాదు. మన ఇంగ్లీషు మాస్టారు ఉంటే చాలా సంతోషించేవారు.

ఇలాంటి దాడులను చాలా చూసిన తర్వాత, 2011లో లాక్‌హీడ్ మార్టిన్ అనే అమెరికా సంస్థ ఇంజనీర్లు ఒక పత్రం రాశారు. దాడి అనేది ఒక దెబ్బ కాదు, ఏడు మెట్ల వరస అన్నారు. మొదటిది దూరంనుంచి గమనించడం. రెండోది ఆయుధం తయారుచేసుకోవడం. మూడోది దాన్ని మన దగ్గరికి చేర్చడం, అంటే ఆ ఉద్యోగార్థి మెయిల్ లాంటిది. నాలుగోది మన చేత తలుపు తెరిపించడం. ఐదోది లోపల స్థావరం వేసుకోవడం. ఆరోది బయటి యజమానితో మాట్లాడుతూ ఉండటం. ఏడోది వచ్చిన పని పూర్తి చేసుకోవడం.

ఆ పత్రంలో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. దొంగ ఏడు మెట్లూ ఎక్కాలి. మనం ఒక్క మెట్టు దగ్గర ఆపితే చాలు. "దొంగ ఒక్కసారి గెలిస్తే చాలు, కాపలావాడు ప్రతిసారీ గెలవాలి" అని అందరూ అంటుంటారు. తలుపు ఒక్కటే లెక్కపెడితే అది నిజం. కాలం లెక్కపెడితే నిజం కాదు. ఢాకాలో దొంగలు ఏడాదిపాటు లోపల తిరిగారు. ఏడాదిలో ప్రతిరోజూ ఎవరో ఒకరి కంట పడే ప్రమాదం వాళ్ళకుంది. కాలం మన పక్షాన కూడా ఉంటుంది, కట్ట మీద నడిచేవాడు ఉంటే.

అలా నడిచినవాడి కథ ఒకటి చెప్తాను. 1986 సంవత్సరం. మేం ఇక్కడ పదో తరగతి పాసై బయటికి వెళ్ళిన ఏడు. అమెరికాలో బర్క్‌లీ దగ్గర లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉన్నారు. నక్షత్రాల పనికి డబ్బు మంజూరు అయిపోతే, ఆయన్ను కంప్యూటరు విభాగంలోకి పంపారు. ఆ రోజుల్లో కంప్యూటరు వాడినందుకు నిమిషాల లెక్కన డబ్బు కట్టించుకునేవారు. ఆ నెల లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. అప్పటి మన డబ్బులో పది రూపాయల లోపు. అదెందుకు వచ్చిందో చూడమని కొత్తగా వచ్చిన స్టోల్‌కు పని అప్పజెప్పారు.

వేరే ఎవరైనా అయితే సొంత జేబులోంచి 75 సెంట్లు వేసి లెక్క సరిచేసేవారు. స్టోల్ అలా చేయలేదు. వెతికితే, ఎవరికీ చెందని ఒక ఖాతా కొన్ని సెకన్లు కంప్యూటరును వాడుకుందని తేలింది. ఆయన ప్రయోగశాలలో దొరికిన ప్రింటర్లన్నీ సేకరించి బయటినుంచి వచ్చే లైన్లకు తగిలించి, ఆ చొరబాటుదారు కొట్టిన ప్రతి అక్షరం కాగితం మీద పడేలా చేశారు. ప్రతిదీ తేదీతో, సమయంతో పుస్తకంలో రాసుకున్నారు. నెలల తరబడి అదే పని. వచ్చినవాణ్ణి వెంటనే తరిమేయలేదు, తరిమితే ఇంకో దారిన వస్తాడు. ఆశ పుట్టించే దొంగ పత్రాలు సృష్టించి అక్కడ పెట్టారు. అవి చదువుతూ అతను లైన్ మీద ఎక్కువసేపు ఉండిపోయాడు. ఆ సమయంలో ఫోన్ లైన్ల జాడ పట్టుకుని వెళ్తే పశ్చిమ జర్మనీలోని హానోవర్ తేలింది. అమెరికా సైనిక కంప్యూటర్లలోకి దూరి, దొరికింది సోవియట్ గూఢచారులకు అమ్ముతున్న ముఠా అది.

మొదలు 75 సెంట్లు. ఒక చోట ప్రింటరు ఖాళీగా ఉంటే మామూలే అనుకున్నారు. ఇంకో చోట 75 సెంట్లు తేడా వస్తే ఎందుకు అని అడిగారు. ఢాకా అధికారిని నేను తప్పుపట్టను. ఎందుకు తప్పుపట్టనో కాసేపట్లో చెప్తాను.

ముందు మా పని ఎలా ఉంటుందో రెండు ముక్కలు. ప్రతి కంప్యూటరూ తాను చేసిన పనులు సమయంతో సహా రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. దాడి జరిగిందని తెలియగానే మేం పదుల కొద్దీ యంత్రాల లాగ్‌లు తెచ్చి ఒకే కాలరేఖ మీద పేరుస్తాం. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నదే అక్కడ ప్రాణం. ఒక యంత్రం గడియారం ఐదు నిమిషాలు వెనకబడి ఉంటే, దొంగ తలుపు తీయకముందే గదిలో ఉన్నట్టు కనిపిస్తాడు. అందుకే గడియారాలన్నీ ఒకే సమయం చూపించాలి. మన దేశంలో ఈ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వుల్లో ఇవే చెప్పింది. గడియారాలు సరిచేసుకోండి, లాగ్‌లు 180 రోజులు దాచండి, దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో మాకు చెప్పండి అని. ఢాకా లెక్కతో పోల్చి చూడండి. అక్కడ బొరియ పడిన రోజుకూ కట్ట తెగిన రోజుకూ మధ్య 180 రోజులు కాదు, ఏడాదికి పైనే. అందుకే నేను ఎక్కడికి వెళ్ళినా, కనీసం ముఖ్యమైన లాగ్‌లు రెండేళ్ళు దాచుకోండి అని బతిమాలుతుంటాను.

ఈ పద్ధతి నాకు ఇంజనీరింగ్ కాలేజీలో నేర్పలేదు. ఈ బళ్ళోనే మన లెక్కల మాస్టారు నేర్పారు. ఆయన క్లాసులో రబ్బరు వాడటం నిషేధం. తప్పు చేస్తే అడ్డంగా ఒక గీత కొట్టి, కింద మళ్ళీ చేయాలి. "కొట్టివేత ఉండొచ్చురా, చెరిపివేత ఉండకూడదు. ఎక్కడ తప్పావో కనబడకపోతే నేను నీకేం నేర్పను?" అనేవారు. తప్పు దాచి సరైన జవాబు రాసినవాడికి అరచేతి మీద దెబ్బ పడేది. తప్పు కనబడేలా ఉంచినవాడికి సగం మార్కులు వచ్చేవి. ఇవాళ మాస్టారు మన మధ్య లేరు. నేను చెప్పబోయేది ఆయనకు చెప్పుకోవలసింది.

సుమారు పదిహేనేళ్ళ కిందట. నేనప్పుడు ఒక కంపెనీలో రక్షణ బృందానికి పెద్దను. కంపెనీ పేరు అనవసరం. రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. "సార్, రోజూ రాత్రి రెండు గంటల పది నిమిషాలకు ఒక సర్వరు బయట ఎవరితోనో మాట్లాడుతోంది. ఎక్కువేం కాదు, కాస్తే" అన్నాడు.

"బ్యాకప్ అయ్యుంటుందిలే. టికెట్టు మూసెయ్" అన్నాను.

"బ్యాకప్ ఒంటిగంటకే అయిపోతుంది సార్."

నాకు ఆ రోజు వేరే పని తొందర. "ప్రతి చిన్నదానికీ నా దగ్గరికి రాకయ్యా. మూసెయ్ అన్నానా?" అన్నాను. పక్కన నలుగురున్నారు. వాడు తలూపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు నా దగ్గరికి ఏ సందేహంతోనూ రాలేదు. నేను కూడా, కుర్రాడు పని నేర్చుకున్నాడనే అనుకున్నాను.

71 రోజుల తర్వాత కంపెనీ రహస్యంగా వేసిన టెండరు ధరలు బయటికి పొక్కాయి. వెతికితే, కొన్ని నెలలుగా మా కాగితాలు రాత్రిపూట కొంచెం కొంచెంగా బయటికి పోతున్నాయని తేలింది. బురద నీరు. లెక్కల విభాగంలో పనిచేసే ఒకావిడ, బిల్లు అనుకుని ఒక అటాచ్‌మెంట్ తెరిచారు. అక్కడ మొదలైంది. "తెరవగానే స్క్రీను ఒకసారి నల్లబడిందండీ. తప్పు చేశానేమో అనిపించింది. అడిగితే తిడతారని ఊరుకున్నాను" అన్నారు ఆవిడ. యాజమాన్యం ఆవిణ్ణి ఆ వారమే ఉద్యోగంలోంచి తీసేసింది.

కాలరేఖ రాసే పని నాది. మొత్తం 23 వరుసలు వచ్చింది. తొమ్మిదో వరస ఆ కుర్రాడి టికెట్టు. తేదీ ఉంది, వాడు రాసిన రెండు గంటల పది నిమిషాలు ఉంది, కింద "మూసివేయబడింది" అని నా పేరు ఉంది. ఆ రాత్రి నేను 22 వరుసలతో నివేదిక తయారుచేశాను.

అవును, తొమ్మిదో వరస తీసేశాను. నన్ను నేను ఇలా ఒప్పించుకున్నాను: దాడికి కారణం ఆ మెయిలే కదా, టికెట్టు కాదు కదా. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టలేదు. నాకు మా నాన్న గుర్తొచ్చారు.

గండి పడిన మర్నాడు సూపర్వైజరు గారు కట్ట మీదికొచ్చి మా నాన్నను అడిగారు, "ఏమయ్యా, నువ్వు చూడలేదా?" అని. నేను పక్కనే ఉన్నాను. మా నాన్న నోటు పుస్తకం తీసి చూపించారు. "మూడు రోజుల కిందటే ఊట చూశానండి. కొద్దిగా మట్టి రంగుంది. పండగ పనుల్లో ఉన్నారు కదా, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. నాదే తప్పు" అన్నారు. ఆ పేజీ చింపేసుకుంటే అడిగేవాడు లేడు. ఆయనకు రెండు నెలలు జీతం ఆపారు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో పూట పూటకీ కష్టమే అయింది. ఆ ఏడాది చివర సూపర్వైజరు గారు మిగతా లస్కర్లను పిలిచి, ఎలాంటి రంగు నీరొస్తే పండగైనా, అర్ధరాత్రయినా తన ఇంటి తలుపు కొట్టాలో చెప్పారు. మా నాన్న పేజీ చూపించకపోతే ఆ మాట పుట్టేది కాదు.

తెల్లారి ఆఫీసుకెళ్ళి తొమ్మిదో వరస మళ్ళీ పెట్టాను. పెట్టి, యాజమాన్యం ముందు నేనే చదివాను. నాకేం కాలేదు. అదే నాకు ఎక్కువ బాధ. అటాచ్‌మెంట్ తెరిచిన చిన్న ఉద్యోగి ఇంటికి పోయింది, హెచ్చరిక వచ్చినా నోరు మూయించిన పెద్ద ఉద్యోగి కుర్చీలోనే ఉన్నాడు. ఆవిణ్ణి తిరిగి తీసుకోమని అడిగాను. తీసుకోలేదు. ఇంకా గట్టిగా అడగాల్సింది.

అందుకే ఢాకా అధికారిని నేను తప్పుపట్టనన్నాను. ప్రింటరు చెడిపోయిందనుకున్న మనిషిని నేను రోజూ అద్దంలో చూస్తున్నాను.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. ఇది బ్యాంకులకు సంబంధించిన గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దోచారు. దానికి రెండు నెలల ముందు, 2021 నవంబరులో ఉద్యోగులకు పంపిన మోసపు మెయిళ్ళతోనే దారి తెరుచుకుందని మన పోలీసులే తేల్చారు. అదే వరస, అవే మెట్లు.

మన ఫోన్‌కు వచ్చే మోసాలకూ మెట్లు ఉంటాయి. 'డిజిటల్ అరెస్టు' అంటున్నారు కదా, ఒకసారి విడదీసి చూడండి. ముందు మీ పేరు, చిరునామా సంపాదిస్తారు. తర్వాత మీ పేర పార్సిల్లో మత్తుమందు దొరికిందని ఫోన్ చేస్తారు. తర్వాత పోలీసు యూనిఫాంలో వీడియోలోకి వస్తారు. ఆ తర్వాత మెట్టు అన్నిటికంటే ముఖ్యం: "ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ కట్ చేయొద్దు" అంటారు. గంటలు కాదు, కొందరిని రోజుల తరబడి అలా కూర్చోబెట్టారు. డబ్బు అడిగేది ఆఖర్న. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు. అయినా చదువుకున్నవాళ్ళు, రిటైరైన పెద్ద ఉద్యోగులు పడిపోతున్నారు. తెలివి తక్కువై కాదు. ఒంటరిగా ఉంచడం వల్ల, చెప్పుకుంటే నవ్వుతారన్న సిగ్గు వల్ల. పక్క గదిలో ఉన్న మనిషికి ఒక్క మాట చెప్తే ఆ వరస అక్కడే తెగిపోతుంది.

డబ్బు పోయాక కూడా కాలం ఉంది. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. దొంగ డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి పరుగెడుతుంది. ఎంత త్వరగా చెప్తే అంత దగ్గర్లో ఆపగలరు. రేపు చూద్దాంలే అంటే మా నాన్న మూడు రోజుల్లా అవుతుంది.

పెద్దవాళ్ళకు ఒక విన్నపం. మీ ఇంట్లో అమ్మ గానీ, పిల్లవాడు గానీ వచ్చి "ఏదో నొక్కాను, భయంగా ఉంది" అంటే మీ నోట్లోంచి మొదట వచ్చే మాట "ఎందుకు నొక్కావ్?" అని కాకూడదు. "చెప్పావు, మంచి పని చేశావు. ఎప్పుడు నొక్కావు?" అని అడగండి. ఎందుకు అని అడిగితే మనిషి దాచుకుంటాడు. ఎప్పుడు అని అడిగితే కాలరేఖ మొదలవుతుంది.

చివరగా, మా 1986 బ్యాచ్ తరఫున బడి కంప్యూటర్ గదికి ఇస్తున్న యంత్రాల సంగతి ప్రధానోపాధ్యాయులు ఇందాక చెప్పారు. వాటితోపాటు ఒక గట్టి అట్ట నోటు పుస్తకం కూడా తెచ్చాను. పేజీలకు నంబర్లు వేశాను, చింపితే తెలుస్తుంది. దాన్ని గది తలుపు పక్కన దారంతో కట్టి ఉంచమని నా ప్రార్థన. ఏ పిల్లకైనా, పిల్లవాడికైనా కంప్యూటరులో మామూలుగా లేనిదేదైనా కనిపిస్తే, తేదీ, గంట, నిమిషం వేసి అందులో రాయాలి. తానే తప్పు నొక్కినా సరే రాయాలి. రాసినందుకు ఎవరూ ఎవరినీ ఒక్క మాట కూడా అనకూడదు. వారానికొకసారి సైన్సు టీచరు గారు చదివి, కింద సంతకం పెట్టాలి. నూటికి తొంభై తొమ్మిది తేట నీరే ఉంటుంది. ఫర్వాలేదు. మా నాన్న పుస్తకాల్లోనూ అంతే ఉండేది.

మొదటి పేజీలో మొదటి వరస నేను రాశాను. ఆ పాత తొమ్మిదో వరస, తేదీతో, సమయంతో, నా సంతకంతో. ఎవరికీ మొదటివాడిగా రాయాలంటే సిగ్గు ఉండకూడదని.